తెర మీద పాపిడి

ఆ వీధిలో ఎవరినడిగినా ఆయన అసలు పేరు చెప్పలేరు గాని, ప్రోబు బాబాయి ఇల్లెక్కడ అంటే మాత్రం చెయ్యెత్తి చూపిస్తారు. మందుల షాపు పక్క సందులో, రంగు వెలిసిన నీలం తలుపు. తలుపు మీద బోర్డు లేదు. చెయ్యి తిరిగిన పనివాడికి బోర్డు అక్కర్లేదని ఆయన అనేవాడు. బోర్డు రాయించడానికి బద్ధకమని ఆయన భార్య అనేది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

ప్రోబు అంటే మరేమీ కాదు. పొట్ట మీద జెల్ రాసి సబ్బుబిళ్ళంత వస్తువొకటి ఆనిస్తే లోపలున్నదంతా తెర మీద కనిపిస్తుంది కదా, ఆ వస్తువు. ఒకప్పుడు స్కానింగ్ మిషన్ అంటే బీరువా అంత ఉండేది. దానికో గది, ఆ గదికో ఏసీ, ఎవరూ చెయ్యి వెయ్యకుండా చూసుకోవడానికి ఒక మనిషి. ఇప్పుడా బీరువా మాయమైపోయి ప్రోబు ఒక్కటే మిగిలింది. దాని తోకను తీసుకెళ్ళి లాప్‌టాప్‌కి గుచ్చితే చాలు, బొమ్మ వచ్చేస్తుంది. నర్సులు సంచీలో వేసుకుని ఇంటింటికీ తిరుగుతున్నారు. చిన్న చిన్న క్లినిక్కులవాళ్ళు టేబుల్ సొరుగులో పెట్టుకుంటున్నారు. సొరుగులో పెట్టుకునేవాళ్ళయినా నయం. సంచీలో తాళంచెవులతో, గొడుగుతో, నీళ్ళ సీసాతో కలిపి కుక్కేవాళ్ళను చూస్తే బాబాయికి ఒళ్ళు మండిపోయేది. "కళ్ళద్దాలైతే ఇలా పడేస్తారా?" అని అడిగేవాడు. వాళ్ళు నవ్వేసి, కేబుల్ మెడ దగ్గర విరిగిన ప్రోబును ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

కంపెనీవాళ్ళు విరిగింది పారేసి కొత్తది కొనుక్కోమంటారు. బాబాయి మాత్రం "ఇలా ఇవ్వండి, చూద్దాం" అనేవాడు. ప్రోబు తలలో గింజల్లాంటి సన్నని పలుకులు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కో పలుకుకీ వెంట్రుకంత తీగ. ఒక తీగ తెగితే తెర మీద పైనుంచి కిందికి ఒక నల్లటి చార పడుతుంది. బాబాయి భూతద్దం దీపం కింద తల వంచుకుని, ఊపిరి బిగబట్టి ఆ తీగను వెతికి పట్టుకుని అతికేవాడు. చార పోయేది. ఆయన బతుకంతా ఆ చారలు పోగొట్టడమే.

మొదట్లో ఆయన టీవీలు బాగుచేసేవాడు. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేసి కొత్తవి కొనడం మొదలెట్టాక, ఒక పెద్ద ఆస్పత్రిలో మిషన్లు చూసే విభాగంలో చేరాడు. అక్కడ ఒక ముసలి ఫోర్‌మన్ ఉండేవాడు. మనిషి కోపిష్టి, పని మాత్రం దాచుకోకుండా నేర్పాడు. అక్కడ నేర్చుకున్నవాటిలో బాబాయికి ఒంటబట్టినవి రెండు. మొదటిది, రెండు బొమ్మలు పోల్చి చూడాలంటే చోటు మారకూడదు, చెయ్యి కదలకూడదు. ఎక్కడ పెట్టావో అక్కడే పెట్టు, రాయిలా ఉండు. రెండోది ఫోర్‌మన్ చెప్పింది కాదు, అనుభవం మీద వచ్చింది. ఒకసారి బాబాయి ఎవరి బొమ్మో చూసి, ఇక్కడేదో రాయిలా ఉందే అన్నాడు. నీ పని మిషన్ చూడడం, రోగం చెప్పడం కాదని పక్కనున్న డాక్టరు అందరి ముందూ ఆయన్ను కడిగేశాడు. ఆనాటినుంచీ బాబాయి లోపల ఏముందని చూడడం మానేశాడు. బొమ్మ శుభ్రంగా ఉందా లేదా, అంతే ఆయనకు కావలసింది. అది కాలేయమో కిడ్నీయో అనవసరం.

ఆ విభాగం మూసేశాక ఇంటి ముందుగదిలోనే పని పెట్టుకున్నాడు. కిటికీ పక్కన పనిబల్ల, గోడవారగా ఒక పొడుగాటి చెక్కబల్ల, దాని పక్కన స్టూలు మీద పాత లాప్‌టాప్. బాగుచేసిన ప్రోబును ఎవరో ఒకరి ఒంటి మీద పెట్టి చూడాలి కదా. మొదట తన పొట్ట మీదే పెట్టుకుని చూసుకునేవాడు. బొమ్మ సరిగ్గా వచ్చేది కాదు.

"ఎలా వస్తుంది? పొట్టనిండా గాలేనాయె," అంది భార్య. "లేవండి, నేను పడుకుంటాను."

ఆమె పసిపిల్లల బడిలో టీచరు. వీధివాళ్ళకు టీచరమ్మ, ఇంట్లో ఆయనకు టీచరు. మధ్యాహ్నం బడి విడిచిపెట్టగానే ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని ఆ బల్ల మీద నడుం వాల్చేది. పొద్దున్నుంచీ పిల్లల వెనకాల పరిగెత్తిన మనిషి. ఆ పడుకోవడమే ఆమెకు విశ్రాంతి. కుడిపక్క, పక్కటెముకల కింద ఆమెకొక పుట్టుమచ్చ ఉంది. ప్రోబు అంచు సరిగ్గా ఆ మచ్చకు ఆనించి, మణికట్టు బల్ల అంచుమీద బిగించి పెడితే కాలేయమూ దాని పక్కనే కిడ్నీ గీసి పెట్టినట్టు కనిపించేవి. అంత అందమైన బొమ్మ ఆస్పత్రిలో కూడా చూడలేదని బాబాయి అనేవాడు.

"నా మొహం చూసి ఎప్పుడైనా అన్నారా ఆ మాట?" అనేది ఆమె.

అలా టీచరమ్మ కుడి కిడ్నీ ఆ చుట్టుపక్కల ప్రోబులన్నిటికీ పరీక్షాధికారి అయింది. ఆ బొమ్మలో తేడా లేకపోతే ప్రోబు పాసైనట్టు. "ఇవాళ ఎన్ని పాసయ్యాయి, ఎన్ని ఫెయిలయ్యాయి?" అని అడిగేది ఆమె, జెల్ తుడుచుకుంటూ. ఇద్దరే మనుషులున్న ఇల్లు. ఆ మధ్యాహ్నపు వేళ వాళ్ళు మాట్లాడుకున్న కబుర్లే వాళ్ళ కాపురం. బడిలో ఎవడు ఎవణ్ణి కొరికాడో ఆమె చెప్పేది. ఏ క్లినిక్కువాళ్ళు ఎంత మొరటుగా కేబుల్ చుట్టారో ఆయన చెప్పేవాడు. కళ్ళు తెర మీదా, చెవులు ఆమె మాటల మీదా. చెయ్యి మాత్రం వెంట్రుకవాసి కదిలేది కాదు.

ఒక కాన్పుల క్లినిక్కు ప్రోబు వచ్చిందొకసారి. తీగ అతికాడు, ఆమె ఒంటి మీద పెట్టి చూశాడు. కిడ్నీ మధ్యనుంచి కిందికి సన్నగా నల్లటి చార.

"పోలేదేం?" అన్నాడు తనలో తను.

"పాపిడి తీసినట్టుంది," అంది ఆమె తల పక్కకు తిప్పి తెరను చూసి.

మళ్ళీ విప్పాడు. పక్క తీగలు కూడా తీసి అతికాడు. చార అలాగే ఉంది. కేబుల్ మొత్తం మార్చాడు. అలాగే ఉంది. ఓటమి ఒప్పుకుని, నా వల్ల కాలేదండీ అని తిరిగిచ్చేశాడు. నాలుగు రోజులు పోయాక ఆ క్లినిక్కువాళ్ళు ఫోన్ చేసి, చాలా బాగా పనిచేస్తోంది, చారా గీరా ఏం లేదు అన్నారు. వాళ్ళకు కళ్ళుంటేగా అనుకున్నాడు బాబాయి. ఎదుటివాళ్ళకు కళ్ళు లేవనుకోవడం ఎంత తేలికో చూడండి.

తరవాత వచ్చిన ప్రోబులోనూ పాపిడి కనబడింది. ఆ తరవాత దాంట్లోనూ. అప్పుడాయనకు వెలిగింది. తప్పు ప్రోబులది కాదు, లాప్‌టాప్‌ది. ముసలిదైపోయింది పాపం. దాన్ని విప్పి దుమ్ము దులిపాడు, లోపలి కార్డు మార్చాడు, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. పాపిడి పోలేదు. పోకపోగా కాస్త వెడల్పయింది. కొత్తది కొందామంటే ఆ పాత సాఫ్ట్‌వేర్ కొత్తవాటిలో పనిచెయ్యదు. చివరికి దానితోనే సర్దుకుపోయాడు. లాప్‌టాప్ చారను పక్కన పెట్టి మిగతా బొమ్మను చూడడం అలవాటు చేసుకున్నాడు. ఎవరైనా ప్రోబు తీసుకెళ్ళడానికి వస్తే ముందే చెప్పేవాడు, మధ్యలో కనిపించే ఆ చార మా లాప్‌టాప్‌ది, మీకు రాదు అని. నిజంగానే వాళ్ళకు వచ్చేది కాదు.

ఇక్కడే నాకు ఆయన్ను పట్టుకుని కుదిపెయ్యాలనిపిస్తుంది. చెయ్యి ఒక్క రవ్వ వంచితే తేలిపోయేది. ప్రోబులో తప్పయినా, లాప్‌టాప్‌లో తప్పయినా చార తెర మీద ఉన్నచోటే ఉంటుంది. ఒంట్లోదైతే చెయ్యి కదిపినప్పుడల్లా తనూ కదులుతుంది. ఇది ఆయనకు తెలియని విషయమా? ఇంకొకరికి నేర్పగలిగినంత తెలుసు. కానీ చెయ్యి కదపకపోవడమే ఆయన విద్య, ఆయన గర్వం. ఇంకో బల్ల మీద, ఇంకొకరి ఒంటి మీద చూడాలని కూడా ఆయనకు తోచలేదు. ఆమె బొమ్మ ఆయనకు కొలబద్ద. కొలబద్దనే ఎవరు అనుమానిస్తారు?

ఆమె ఆ ఏడాదంతా ఒకరకంగా ఉండేది. తొందరగా అలిసిపోయేది. నడుం కుడివైపు లాగుతోందనేది. పిల్లల్ని ఎత్తుకుని ఎత్తుకుని అలా అయిందని తనే అనుకుంది. బల్ల గట్టిగా ఉందేమోనని ఆయన దాని మీద దూదిపరుపు వేయించాడు. బట్టలు వదులైతే, "ఇన్నాళ్ళకు సన్నబడ్డాను, దిష్టి పెట్టకండి," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇంటింటికీ తిరిగి గర్భిణుల్ని చూసే నర్సొకతె ఉంది. స్కూటరు మీద తిరుగుతుంది, మాట్లాడడం మొదలెడితే ఆపదు. వాళ్ళిద్దరినీ బాబాయ్, పిన్నీ అని పిలుస్తుంది. ఒక మధ్యాహ్నం తన ప్రోబు తీసుకెళ్ళడానికి వచ్చింది, కొత్త లాప్‌టాప్ చంకన పెట్టుకుని.

"మా తెర మీద పాపిడి కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోకు," అన్నాడు బాబాయి అలవాటుగా.

"ఎందుకు బాబాయ్, నా లాప్‌టాప్‌కే పెట్టి చూద్దాం. కొత్తది. ఇంకా కవరు కూడా పూర్తిగా ఊడదియ్యలేదు."

టీచరమ్మ అప్పుడే బడినుంచి వచ్చి పడుకుంది. బాబాయి ప్రోబు మచ్చకు ఆనించి పెట్టాడు. తళతళలాడే ఆ కొత్త తెర మీద కూడా, పాపిడి.

ఆయన మొహం వాడిపోయింది. "అయితే ప్రోబుదేనన్నమాట. రేపు రా అమ్మా, మళ్ళీ విప్పాలి."

"ఆగు బాబాయ్, ఇలా ఇవ్వు," అని నర్సు ఆయన చేతిలోంచి ప్రోబు తీసుకుంది. కడుపులో దొర్లే పిల్లల్ని వెంటాడి వెంటాడి ఆమె చెయ్యి ఒక్కచోట నిలిచే రకం కాదు. అలవాటు కొద్దీ మణికట్టు వంచింది. పాపిడి తెర అంచుకు జరిగింది. ఇటు వంచింది. మధ్యకు వచ్చింది. కొంచెం పైకి జరిపింది. చార పైన గుండ్రంగా, తెల్లటి అంచుతో ఒక ముద్ద కనిపించింది. నర్సు స్కూటరు రిపేరు గురించి ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసింది.

"బాబాయ్, నువ్వు పడుకో ఒకసారి," అంది.

ఆయన ఎందుకని అడగలేదు. భార్య లేచి బట్టలు సర్దుకుంటుంటే ఆ చోట్లో తను పడుకున్నాడు. నర్సు ప్రోబు పెట్టింది. గాలితో మసకమసకగా ఉన్నా, తెర మీద చార లేదు. ఎటు తిప్పినా లేదు.

"చూశావా!" అన్నాడు ఆయన, సంతోషం పట్టలేక. "ప్రోబు భేషుగ్గా ఉంది. నా పనిలో వంక లేదు."

ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందో ఆయనకే తెలియాలి. నర్సు తెరను చూడడం లేదు. టీచరమ్మను చూస్తోంది. బాబాయి పడుకునే తల తిప్పి భార్యను చూశాడు, తరవాత స్టూలు మీది తన పాత లాప్‌టాప్‌ను చూశాడు. ఆ యంత్రంలో ఎన్నడూ ఏ తప్పూ లేదని అప్పుడర్థమైంది. లేచి కూర్చున్నాడు. పొట్ట మీద జెల్ చల్లగా అలాగే ఉంది.

"ఏమిటలా చూస్తారు ఇద్దరూ?" అంది టీచరమ్మ.

ఆస్పత్రిలో పెద్ద మిషన్లన్నిటి మీదా చూశారు. కిడ్నీలో గడ్డ. దాని అంచు సున్నంలా గట్టిపడి, వెనకున్నదాని మీద నీడ వేస్తోంది. అదీ ఆ చార. గడ్డ అక్కడ ఆగలేదు, ఊపిరితిత్తులకు పాకింది. డాక్టరు పడుచువాడు, మర్యాదస్తుడు. కాగితాలన్నీ పక్కన పెట్టి మెల్లగా అడిగాడు.

"ఇంతకు ముందెప్పుడైనా స్కాన్ చేయించుకున్నారామ్మా?"

బాబాయి నోరు తెరిచాడు.

"లేదండీ," అంది టీచరమ్మ ఆయనకంటే ముందు. "ఎప్పుడూ చేయించుకోలేదు."

"ప్చ్. కిందటేడు వచ్చుంటే ఆ కిడ్నీ ఒక్కటి తీసేసి ఇంటికి పంపించేసేవాళ్ళం," అన్నాడు డాక్టరు. అన్నాక, అనకుండా ఉండాల్సిందని తోచిందేమో, తల దించుకున్నాడు.

బయట వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. మెట్ల మలుపులో గోడకానుకుని నిలబడ్డారిద్దరూ.

"ఎందుకలా చెప్పావు?" అన్నాడాయన.

"మరేం చెప్పమంటారు? మా ఆయన రోజూ చూశాడండీ, చూసి మిషన్ విప్పాడండీ అని చెప్పనా?"

"చెప్పు. లేకపోతే నన్ను చెప్పనీ. నా తప్పు నేను ఒప్పుకుంటాను."

"ఒప్పుకుంటే మీకు బరువు దిగుతుంది. నాకేం ఒరుగుతుంది?" ఆమె గొంతు పెంచలేదు. బడిలో పిల్లాడికి చెప్పినట్టే చెప్పింది. "నాకు కోపం లేదనుకోకండి. ఉంది. బోలెడంత ఉంది. కానీ అది నాది. మీ మీద నేను పడాల్సిన కోపం. ఊళ్ళోవాళ్ళకు పంచిపెట్టను. భార్యకు జబ్బొస్తే మిషన్ పాడైందనుకున్నాడట అంటే, రేపు మీ గుమ్మం ఎవరు తొక్కుతారు? ఈ పని తప్ప మీకేం వచ్చని? ఎవరడిగినా చూడలేదనే చెప్పండి. మా చెల్లెలడిగినా సరే."

ఆయన తలూపలేదు. ఆమె అక్కడే నిలబడింది, ఆయన తలూపేదాకా.

అన్న మాట ప్రకారమే ఆమె కోపమంతా ఆయన మీదే ఖర్చుపెట్టింది. కొన్నాళ్ళు మాట్లాడేది కాదు. కొన్నాళ్ళు గ్లాసు ఇక్కడ పెట్టారేం, కిటికీ తెరిచారేం అని సాధించేది. ఒకనాడు గంజి చెంచా విసిరికొట్టింది. ఆయన వంగి తీసి, కడిగి తెచ్చి, మళ్ళీ పట్టించాడు. చెంచా విసిరిన రోజే ఆయనకు కాస్త ఊపిరాడింది. ఏమీ అనకుండా ఆయన మొహంలోకి చూస్తూ పడుకునే రోజులే భరించలేకపోయేవాడు.

"మొదటిసారి ఎప్పుడు కనబడింది?" అని అడిగిందొకసారి.

"బడి సెలవులయ్యాక. నువ్వు మళ్ళీ వెళ్ళడం మొదలెట్టిన కొత్తలో."

ఆమె చాలాసేపు లెక్కగట్టుకుంది. "అప్పటికి నేను బాగానే ఉన్నాను," అంది. "ఆటలపోటీకి పిల్లలతో కలిసి పరిగెత్తాను కూడా." తరవాత గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన పక్కనే కూర్చుని ఏడ్చాడు. ఆమె వద్దనలేదు.

అయినా పని మాత్రం మాననివ్వలేదు. ముందుగది తలుపు తీసి ఉంచమనేది. ఆయన పరికరాలు సర్దుకునే చప్పుడు వింటుంటే కాస్త నిద్రపట్టేదట. పరీక్ష ఆయన తన ఒంటి మీదే చేసుకునేవాడు, చెయ్యి పది రకాలుగా తిప్పి తిప్పి. ఏ ప్రోబూ ఒక పట్టాన బాగుందని నమ్మకం కుదిరేది కాదు.

చెల్లెలు వచ్చి చివరిదాకా అక్క దగ్గరే ఉంది. మంచి మనిషి, నోట్లో మాట దాగదు. బావంటే ఆమెకు చిన్నప్పటినుంచీ అభిమానం. వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక మబ్బు పట్టిన ఉదయం, చెల్లెలు తల దువ్వుతుండగా టీచరమ్మ పోయింది. బాబాయి అప్పుడు మందుల షాపులో ఉన్నాడు. ఆమెకిక అక్కర్లేని మందులు తీసుకుని ఇంటికొచ్చాడు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, చెల్లెలు తనూ ప్రయాణమవుతూ ముందుగది ఊడ్చిపెట్టడానికి వచ్చింది. పలకరించడానికి వచ్చిన నర్సు తలుపు దగ్గర కూర్చుని ఉంది. పనిబల్ల మీద ప్రోబులు వరసగా పడున్నాయి, తెచ్చిచ్చినవాళ్ళు సమయం కాదని అడగడం మానేసినవి. చెల్లెలు చీపురు పట్టుకుని వాటివంక చూస్తూ నిలబడిపోయింది.

"బావా," అంది. "ఇల్లంతా ఇవే కదా. అక్కకి ఒక్కసారైనా పెట్టి చూశావా?"

నర్సు ఒళ్ళో ఉన్న సంచీ పట్టీని చుట్టడం మొదలెట్టింది. తలెత్తలేదు. బాబాయికి ఆ క్షణాన చెప్పెయ్యాలనిపించింది. చూశానమ్మా, రోజూ చూశాను, చూసి నీ అక్కను బల్ల మీద అలాగే వదిలేసి లాప్‌టాప్ విప్పుకుంటూ కూర్చున్నాను. ఈమె తిడుతుంది, బహుశా కొడుతుంది కూడా. ఆ దెబ్బ కోసం ఒళ్ళంతా ఎదురుచూసింది. మెట్ల మలుపులో తను తలూపేదాకా కదలని మనిషి గుర్తొచ్చింది.

"లేదమ్మా," అన్నాడు. "చూడలేదు."

చెల్లెలు చీపురు కింద పెట్టి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. కళ్ళు తుడుచుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"నేనెంత బుద్ధిలేనిదాన్ని, ఇప్పుడడిగే మాటా ఇది. నువ్వేం చేస్తావు బావా, నీకెలా తెలుస్తుంది? పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నావు అక్కని. మీ బావ లాంటి మనిషి ఉండడే అని పోయేముందు కూడా అంది నాతో. మనసులో ఏం పెట్టుకోకు."

చెల్లెలు లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆమె చూస్తుండగా, నీళ్ళన్నీ తాగాడు.